‘కుంజరః’ ఎక్కడ దాక్కుంటుంది?

1997లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 14 ఏళ్ల బడిపిల్లవాడొకడు సైన్సు ప్రదర్శన కోసం ఒక రసాయనం గురించి నివేదిక పట్టుకొచ్చాడు. పేరు డైహైడ్రోజన్ మోనాక్సైడ్. రంగు, రుచి, వాసన ఉండవు. ఆవిరి రూపంలో తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం పోతుంది. ఇనుమును తుప్పు పట్టిస్తుంది, ఆమ్ల వర్షాల్లో ఉంటుంది, క్యాన్సర్ కణితుల్లోనూ కనిపించింది. దీన్ని నిషేధించాలా అని 50 మంది తోటి విద్యార్థులను అడిగితే 43 మంది నిషేధించాల్సిందే అన్నారు. ఆరుగురు ఎటూ తేల్చుకోలేకపోయారు. అది మామూలు నీళ్లేనని పట్టుకున్నది ఒక్కరు.

ఆ నివేదికను ఏ ఫ్యాక్ట్‌చెక్ బృందానికి పంపినా వాక్యం వాక్యం సరిచూసి ‘నిజం’ అని ముద్ర వేయాల్సిందే. అందరికీ తెలిసిన పేరు పక్కనపెట్టి రసాయనశాస్త్రం పేరు వాడారు. చెప్పదగ్గ వందల సంగతుల్లో భయపెట్టేవి ఏడెనిమిదే ఏరారు. అది లేకపోతే మనిషి కొద్ది రోజులకు మించి బతకడన్న ముక్క వదిలేశారు. మాయంతా అక్కడే ఉంది. వ్యాపార ప్రకటనల్లోనూ రాజకీయ ప్రచారంలోనూ చేయి తిరిగినవాళ్లు చేసేది దాదాపుగా ఇదే. పచ్చి అబద్ధం దొరికిపోతుంది, కోర్టు దాకా వెళ్తుంది. ఏరి కూర్చిన నిజానికి ఆ బెడద చాలా తక్కువ.

ఈ విద్యను తెలుగువాళ్లకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. భారత యుద్ధం పదిహేనో రోజున, ద్రోణుడి చేతిలో విల్లు ఉన్నంతసేపు గెలుపు లేదని తెలిశాక, అశ్వత్థామ అనే పేరున్న ఏనుగును భీముడు చంపుతాడు. కబురు ద్రోణుడికి చేరుతుంది గానీ ధర్మరాజు చెబితే తప్ప ఆయన నమ్మడు. ధర్మరాజు ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా అని, ‘కుంజరః’ అని గొణుగుతాడు. ఆ గొణుగుడు భేరీల మోతలో కలిసిపోతుంది. నేటి ప్రకటనల ఏజెన్సీ భాషలో చెప్పాలంటే ఏనుగు చావు ఈవెంట్, చెప్పిన వాక్యం కాపీ (ప్రకటన రాత), ధర్మరాజు ఎండార్స్‌మెంట్ (పేరున్నవాడి పూచీ), భేరీలు మీడియా ప్లాన్. ఈ నాలుగూ కుదిరితే అబద్ధమాడాల్సిన అవసరమే రాదు.

వాక్యం

ముందు కాపీ సంగతి. ప్రకటనల్లో ‘వరకు’ అన్నంత పనిమంతురాలైన మాట ఇంకోటి లేదు. ‘50 శాతం వరకు తగ్గింపు’ అంటే సున్నా నుంచి 50 దాకా ఏదైనా నిజమే. రెండొందల వస్తువుల్లో ఒక్కదానికి సగం ధర, మిగతావాటికి 5 శాతం తగ్గించినా ఆ వాక్యం చెక్కుచెదరదు. ‘సాయపడుతుంది’ కూడా ఆ కోవలోదే. జుట్టు రాలడం ఆపుతుంది అంటే రుజువు చూపాలి. ఆపడంలో సాయపడుతుంది అంటే చాలావరకు తప్పించుకోవచ్చు. ‘మరింత మెరుగైనది’ అన్నప్పుడు దేనికంటే అన్న ప్రశ్న చూసేవాడి మనసులో పుట్టదు. పోటీ సరుకుకంటేనా, తమ పాత సరుకుకంటేనా, అసలేమీ వాడకపోవడంకంటేనా? ‘నిపుణులు పరీక్షించినది’ అంటే పరీక్ష జరిగిందనే. ఫలితం ఏమొచ్చిందో ఆ మాటలో లేదు.

‘99.9 శాతం క్రిములను చంపుతుంది’ అన్న వాక్యాన్ని కాస్త దగ్గరగా చూడాలి. పది లక్షల క్రిముల్లో 99.9 శాతం పోతే మిగిలేవి 1,000. అయినా ఇక్కడ ఆ మిగిలిన వెయ్యికంటే పరీక్ష షరతులు ముఖ్యం. ఆ అంకె సాధారణంగా ప్రయోగశాలది. ఎంచుకున్న కొన్ని రకాల క్రిముల మీద, నిర్ణీత గాఢతతో, నిర్ణీత సమయం పాటు తడిగా ఉంచి తీసినది. ఇంట్లో వాడేవాడు చల్లిన వెంటనే గుడ్డతో తుడిచేస్తాడు. సీసా వెనక చిన్న అక్షరాల్లో ‘ఇన్ని నిమిషాలు తడిగా ఉంచాలి’ అని రాసే ఉంటుంది. కుంజరః అక్కడ ఉంది.

అంకెలతో చేసే మాయల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘రెట్టింపు’. 1995 అక్టోబరులో బ్రిటన్ మందుల భద్రతా సంఘం ఒక హెచ్చరిక జారీచేసింది. కొన్ని కొత్తరకం గర్భనిరోధక మాత్రలతో రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ముప్పు రెట్టింపవుతుందని దాని సారాంశం. వార్త దావానలంలా పాకింది. చాలామంది ఆడవాళ్లు మాత్రలు ఉన్నపళంగా మానేశారు. పాత మాత్రలతో ఆ ముప్పు 7,000 మందిలో ఒకరికి, కొత్తవాటితో 7,000 మందిలో ఇద్దరికి. రెట్టింపు అన్నది నిజం, పెరిగింది ఒక్కరు అన్నదీ నిజం. హెడ్‌లైన్‌కు మొదటిదే పనికొచ్చింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భస్రావాలు సుమారు 13,000 పెరిగాయని లెక్కతేలింది. గర్భధారణ వల్ల గడ్డల ముప్పు ఆ మాత్రల వల్ల వచ్చేదానికంటే ఎక్కువ కావడం ఇందులో విషాదం. ఇక్కడ ఎవరూ మోసం చేయాలనుకోలేదు కూడా. ఎంతలోంచి ఎంతకు అని చెప్పకుండా శాతమో రెట్లో మాత్రమే చెప్పిన ఏ వాక్యాన్నైనా సగం వాక్యంగానే లెక్కవేయాలి. మందుల ప్రకటనల్లో ఒక జోడీ తరచుగా కనబడుతుంది. లాభమేమో శాతాల్లో (‘ముప్పు 50 శాతం తగ్గింది’), దుష్ఫలితమేమో విడి అంకెల్లో (‘వెయ్యి మందిలో ఒకరికి’) ఉంటుంది. 2,000 మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికి తగ్గినా ముప్పు 50 శాతం తగ్గినట్టే. రెంటినీ ఒకే కొలతలోకి మారిస్తే లాభంకంటే నష్టం రెట్టింపని తేలుతుంది.

చెప్పే తీరు ఎంత పనిచేస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానమన్ 1981లో చూపించారు. 600 మందికి ప్రాణాపాయం ఉన్న ఒక జబ్బు, దానికి రెండు పథకాలు. మొదటి పథకంలో ‘200 మంది కచ్చితంగా బతుకుతారు’ అని చెప్పినప్పుడు 72 శాతం దాన్ని ఎంచుకున్నారు. అదే పథకాన్ని వేరే బృందానికి ‘400 మంది కచ్చితంగా చనిపోతారు’ అని చెబితే ఎంచుకున్నది 22 శాతం. 600లోంచి 400 తీసేస్తే 200 అని లెక్కరానివాళ్లు వాళ్లలో ఎవరూ లేరు.

గ్రాఫుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఒక్క లెక్క చాలు. ఒక సంస్థకు 50 మార్కులు, ఇంకోదానికి 52. నిలువు గీత సున్నా నుంచి మొదలైతే రెండు కడ్డీలూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. అదే గీత 49 నుంచి మొదలుపెడితే ఒక కడ్డీ ఎత్తు 1, ఇంకోదాని ఎత్తు 3. అంకెలు మారలేదు, మూడింతల తేడా పుట్టింది. కడ్డీల గ్రాఫు కనబడగానే మొదట చూడాల్సింది కడ్డీల్ని కాదు, అడుగున ఉన్న అంకెను.

కెమెరా చేసే పనికి రెండు పాత కేసులు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. క్యాంప్‌బెల్ కంపెనీ సూప్ ప్రకటనల కోసం గిన్నె అడుగున గాజు గోళీలు పోసి ఫోటోలు తీశారు. కూరముక్కలు మునిగిపోకుండా పైకి తేలి సూప్ నిండుగా కనబడింది. ముక్కలు నిజంగానే సూప్‌లో ఉన్నాయి, మునిగితే కెమెరాకు కనబడవు కాబట్టి పైకి తెచ్చాం అన్నది వాళ్ల వాదన. విని తీసిపారేయదగ్గ వాదనేం కాదు. అయినా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒప్పుకోలేదు, 1970లో కంపెనీ రాజీకి వచ్చి ఆ పద్ధతి మానుకుంది. రెండోది ర్యాపిడ్ షేవ్ అనే గడ్డం క్రీము కేసు. గరుకు కాగితం మీద క్రీము రాసి, రేజరు ఒక్క లాగు లాగితే ఇసుకంతా ఊడొచ్చినట్టు టీవీలో చూపించారు. అక్కడున్నది గరుకు కాగితం కాదు, ఇసుక అతికించిన ప్లెక్సిగ్లాస్ పలక. అసలు కాగితమైతే క్రీములో సుమారు 80 నిమిషాలు నానాలి. 1965లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోని మెలిక గమనించదగ్గది: వస్తువు ఆ పని నిజంగా చేయగలిగినా సరే, ‘రుజువు మీ కళ్లతో మీరే చూస్తున్నారు’ అని నమ్మబలికి నకలు చూపడం మోసమే.

నోరు, ఏనుగు

కంపెనీ తన గురించి తాను చెప్పుకుంటే వినేవాడు కొంత తగ్గించుకుని వింటాడు. అందుకే మాటను ఇంకొకరి నోట పలికించాలి. దీన్ని వృత్తిగా మార్చినవాళ్లలో ఎడ్వర్డ్ బెర్నేస్ పేరు ముందు చెబుతారు. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగినప్పుడు ప్రభుత్వం పెట్టిన ప్రచార కమిటీలో ఆయన పనిచేశాడు. సినిమా హాళ్లలో రీలు మార్చే నాలుగు నిమిషాల వ్యవధిలో ఉపన్యాసాలు ఇవ్వడానికి సుమారు 75,000 మంది వాలంటీర్లను దింపిన కమిటీ అది. ప్రాపగాండా అన్న మాట అప్పటిదాకా పెద్దగా తిట్టు కాదు. 1622లో పోప్ పదిహేనో గ్రెగరీ మతవ్యాప్తి కోసం నెలకొల్పిన సంఘం లాటిన్ పేరులోంచి వచ్చింది. యుద్ధం తర్వాత ఆ మాట కంపుకొట్టడం మొదలయ్యాక బెర్నేస్ తన పనికి ‘పబ్లిక్ రిలేషన్స్’ (పీఆర్) అని పేరు పెట్టుకున్నాడు. నీళ్లను డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అనడానికి ఇది తిరగేసిన రూపం.

పందిమాంసం అమ్మే కంపెనీ ఒకటి అమ్మకాలు పెంచమని అడిగితే ఆయన ఆ మాంసానికి ప్రకటన రాయలేదు. ఒక డాక్టరును పట్టుకుని, ఉదయం పూట తేలికపాటి తిండి మంచిదా, కడుపునిండా తినడం మంచిదా అని సుమారు 5,000 మంది వైద్యులకు ఉత్తరం రాయించాడు. దాదాపు 4,500 మంది కడుపునిండా తినడమే మంచిదన్నారు. ఆ సంగతి పత్రికల్లో వార్తగా వచ్చింది, దాని పక్కనే కడుపునిండా తినడమంటే మాంసం, గుడ్లు అన్న అర్థం వచ్చే రాతలు. ఏ వైద్యుడూ ఆ మాంసం తినమని చెప్పలేదు. ప్రశ్న ఎలా అడిగితే ఏ జవాబొస్తుందో ముందే తెలిసిన వాడు దాన్ని వైద్యుల చేత అనిపించాడు.

1929 ఈస్టర్ ఆదివారం నాడు ఏనుగును చంపడం ఇంకా బాహాటంగా జరిగింది. అమెరికన్ టొబాకో కంపెనీకి ఆడవాళ్ల మార్కెట్ కావాలి; ఆడవాళ్లు వీధిలో సిగరెట్ కాల్చడం అప్పటికి తప్పు. న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూ ఊరేగింపులో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించేలా బెర్నేస్ ఏర్పాటు చేశాడు. ఫోటోగ్రాఫర్లకు కబురు ముందే వెళ్లింది. అవి సిగరెట్లు కావు, ‘స్వేచ్ఛా కాగడాలు’ అన్న మాటా సిద్ధంగా ఉంది. స్త్రీలు వీధిలో సిగరెట్ వెలిగించారన్న వార్త అక్షరాలా నిజం. ఎవరి డబ్బుతో అన్నది గొణుగుడు.

అదే పరిశ్రమకు పాతికేళ్ల తర్వాత వేరే అవసరం వచ్చింది. పొగకూ క్యాన్సర్‌కూ సంబంధం బయటపడుతున్న రోజుల్లో, 1954 జనవరి 4న, అమెరికాలో 400కు పైగా పత్రికల్లో సిగరెట్ కంపెనీల ఉమ్మడి ప్రకటన వచ్చింది. సంబంధం లేదని అది చెప్పలేదు. శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు, ప్రజారోగ్యమే మాకు ముఖ్యం, పరిశోధనకు డబ్బిస్తాం అని చెప్పింది. ఆ రంగంలో 1969 నాటి ఒక అంతర్గత పత్రం తర్వాత బయటపడింది, అందులో ‘అనుమానమే మన సరుకు’ అని ఉంది. నమ్మించనక్కర్లేదు, తేలలేదు అనిపిస్తే చాలు. పదిమంది శాస్త్రవేత్తలు ఒకవైపు, ఒక్కరు ఇంకోవైపు ఉన్న విషయంలో టీవీ చర్చకు చెరొకరిని పిలిచే ‘సమతూకం’ ఈ సరుకుకు పుణ్యానికి దొరికిన దుకాణం.

యుద్ధాల్లో నోటిని ఎంచుకోవడం ఇంకా జాగ్రత్తగా జరుగుతుంది. 1990 అక్టోబరు 10న అమెరికా కాంగ్రెస్ సభ్యుల మానవ హక్కుల వేదిక ముందు 15 ఏళ్ల కువైట్ అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది, ఇరాక్ సైనికులు ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లలోంచి పసికందులను తీసి నేలమీద వదిలేశారని. కుటుంబ భద్రత కోసమంటూ ఇంటిపేరు దాచారు. ఆమె అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, సాక్ష్యం వెనుక హిల్ అండ్ నోల్టన్ అనే పీఆర్ సంస్థ ఉందని 1992 జనవరిలో గాని లోకానికి తెలియలేదు. అప్పటికి ఇరాక్ మీద అమెరికా చేసిన గల్ఫ్ యుద్ధం ముగిసి దాదాపు ఏడాది. ఆ ఆరోపణకు తర్వాత గట్టి ఆధారం దొరకలేదు.

రోజువారీ మీడియాలో ఇంత నాటకం ఉండదు. ఉండేదల్లా ప్రెస్‌నోట్. పీఆర్ సంస్థ ‘సర్వే’ చేయిస్తుంది; హెడ్‌లైన్, రెండు అంకెలు, ఒక నిపుణుడి మాట, వాడుకోదగ్గ ఫోటో కలిపి పంపుతుంది. డెస్కులో మనుషులు తక్కువ, పేజీలు ఎక్కువ. పేరా అటూఇటూ మార్చి వేసేస్తారు. నిద్రలేమి మీద సర్వే పరుపుల కంపెనీది, పళ్ల సమస్యల మీద సర్వే టూత్‌పేస్టు కంపెనీది అయి ఉండటం యాదృచ్ఛికం కాదు. ఇలాంటి వార్త ఎదురైతే చివరి పేరాకు ముందుగా వెళ్లడం మంచిది, డబ్బు ఎవరిదో ఉంటే అక్కడే ఉంటుంది. తర్వాత ఎంతమందిని అడిగారు, ఎలా ఎంచుకున్నారు అన్నది. యాదృచ్ఛికంగా ఎంచుకున్న 400 మందిని అడిగితే ఫలితం సుమారు 5 శాతం అటూఇటూ ఉండొచ్చు, 1,000 మందైతే 3 శాతం. కాబట్టి 400 మంది సర్వేలో 48, 51 శాతాల మధ్య ‘ఆధిక్యం’ లేనట్టే. వెబ్‌సైట్లో ఎవరిష్టం వాళ్లు నొక్కిన పోల్‌కు ఈ లెక్కే వర్తించదు. లక్ష మంది నొక్కినా అది నొక్కాలనిపించిన వాళ్ల లెక్కే.

మోత

మేకను భుజాన వేసుకుని పోతున్న బాపడికి దొంగలు దూరదూరంగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు ‘నల్లకుక్కను మోసుకెళ్తున్నావేం’ అన్న కథ తెలియని తెలుగు పిల్లలుండరు. కథలో అసలు పనితనం దొంగలు ఒకరికొకరు తెలియనట్టు నిలబడటంలో ఉంది. ముగ్గురూ కలిసొచ్చి అంటే అది ఒక్క మాటే. విడివిడిగా అంటే మూడు సాక్ష్యాలు.

కథ చెప్పినదాన్ని 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపీనో అనే మనస్తత్వ పరిశోధకులు ప్రయోగశాలలో కొలిచారు. విద్యార్థులకు రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు, ప్రతిసారీ 60 వాక్యాలిచ్చి ఎంతవరకు నిజమనిపిస్తోందో చెప్పమన్నారు. వాటిలో 20 వాక్యాలు ప్రతిసారీ తిరిగొస్తాయి. తిరిగొచ్చిన వాక్యాలు నిజమైనా అబద్ధమైనా ప్రతి విడతకూ మరికాస్త నిజంగా తోచాయి. విన్న మాట రెండోసారి సులువుగా తలకెక్కుతుంది, ఆ సులువునే మనసు నిజానికి గుర్తుగా తీసుకుంటుంది. తెలిసిన విషయమైతే మోసపోమని ఎవరైనా అనుకుంటారు. 2015లో వచ్చిన మరో పరిశోధన ఆ ధీమానూ దెబ్బతీసింది. అందులో వాడిన వాక్యాల్లో ఒకటి తెలుగు పాఠకులకు నవ్వు తెప్పిస్తుంది: ‘స్కాట్లండ్ మగవాళ్లు కట్టుకునే కుచ్చుల పొట్టి లంగాను చీర అంటారు’. ఇలాంటివి తప్పని తెలిసినవాళ్లకు కూడా, మళ్లీ వినిపిస్తే నిజం వైపు కాస్త మొగ్గు కలిగింది.

ఖండించేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ‘ఫలానా టీకాతో ఫలానా జబ్బు వస్తుందన్నది అబద్ధం’ అని హెడ్‌లైన్ పెడితే టీకా, జబ్బు మరోసారి పక్కపక్కన అచ్చవుతాయి. వారం తర్వాత ‘అబద్ధం’ అన్న ముక్క జారిపోయి జంట మిగిలిపోవచ్చు. అనుభవమున్న డెస్కులు నిజంతో మొదలుపెడతాయి, పుకారును ఒక్కసారి, సూటిగా కాక ప్రస్తావనగా చెబుతాయి, అది ఎలా పుట్టిందో వివరిస్తాయి, మళ్లీ నిజంతో ముగిస్తాయి. పుకారు స్క్రీన్‌షాట్ వేయాల్సొస్తే దాని మీదే అడ్డంగా పెద్ద గుర్తు కొడతాయి, ఎందుకంటే బొమ్మ కథనం నుంచి విడిపోయి ఒంటరిగా తిరుగుతుంది.

దొంగలు విడివిడిగా నిలబడటం ఇంటర్నెట్‌లో ఎంత చవకో 2016 మే 21న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, హ్యూస్టన్‌లో కనబడింది. ఒక ఇస్లామిక్ కేంద్రం ఎదుట ఒకే సమయానికి రెండు వర్గాలు ఎదురెదురుగా నినాదాలిచ్చాయి. ఒకదాన్ని పిలిచింది టెక్సాస్ అభిమానుల ఫేస్‌బుక్ పేజీ, రెండోదాన్ని పిలిచింది ముస్లింల పేరిట ఉన్న పేజీ. రెండు పేజీలూ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకే సంస్థ నడిపినవే. ప్రకటనలకైన ఖర్చు సుమారు 200 డాలర్లు. వీధిలోకి వచ్చిన మనుషులు మాత్రం నిజమైనవాళ్లు, వాళ్ల కోపమూ నిజమైనదే. నెపమంతా యంత్రాల మీదకు తోయడం కూడా కుదరదు. ట్విటర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, అబద్ధాలు రీట్వీట్ అయ్యే అవకాశం నిజాలకంటే 70 శాతం ఎక్కువని తేలింది. బాట్‌లు (మనుషుల్లా పోస్టులు పెట్టే ప్రోగ్రాములు) రెండింటినీ సమానంగానే పంచాయి. తేడా తెచ్చింది మనుషులే, కొత్తగా, విడ్డూరంగా ఉన్నదాన్ని ముందు పంచుకునే బుద్ధి వల్ల.

వేలంపాట

వెబ్ పేజీ తెరుచుకునే లోపల, సుమారు 100 మిల్లీసెకన్లలో, ఒక వేలంపాట ముగుస్తుంది. పేజీలో ఖాళీ ఉందని, చూస్తున్నవాడు ఫలానా రకం అని ఎక్స్‌ఛేంజికి (వేలం నడిపే కంప్యూటర్ వ్యవస్థకు) కబురు వెళ్తుంది. ప్రకటనదారుల తరఫున సాఫ్ట్‌వేర్లు పాడతాయి, గెలిచిన ప్రకటన తెరమీదకొస్తుంది. కొనే సంస్థ తన పాత కస్టమర్ల ఫోన్ నంబర్ల జాబితాను ప్లాట్‌ఫాంకు ఎక్కించి వాళ్లకే చూపించమనొచ్చు, వాళ్లను పోలినవాళ్లను వెతకమనొచ్చు, ఇప్పటికే కొన్నవాళ్లను తప్పించమనొచ్చు. వీధి చివర హోర్డింగును ప్రత్యర్థీ చూస్తాడు, విలేకరీ చూస్తాడు. తప్పుంటే ఎవరో ఒకరు అరుస్తారు. ఒక చిన్న గుంపుకు మాత్రమే కనబడి మాయమయ్యే ప్రకటనకు ఎదురు చెప్పేవాడు ఉండడు. ఎన్నికల్లో ఒకే పార్టీ ఒక వర్గానికి ఒక మాట, ఇంకో వర్గానికి దానికి విరుద్ధమైన మాట చెప్పినా రెండూ ఒకచోట కలుసుకోవు. కొన్ని ప్లాట్‌ఫాంలు పెట్టిన ప్రకటనల లైబ్రరీలు ఈ లోటును కొంత పూడ్చాయి. వాటిలో పేరు కొట్టి వెతికితే ప్రస్తుతం నడుస్తున్న ప్రకటనలన్నీ వరసగా చూడొచ్చు. వాడేవాళ్లే తక్కువ.

కాపీ కూడా మనిషి ఊహ మీద నడవదు. రెండు హెడ్‌లైన్లు చెరి 10,000 మందికి చూపిస్తారు. ఒకదానికి 200 క్లిక్కులు, రెండోదానికి 260 వస్తే రెండోది ఉంటుంది, మొదటిది చస్తుంది. దీన్ని ఏ/బీ పరీక్ష అంటారు. ఇది చాలాసార్లు తిరిగేసరికి భయపెట్టేది, కోపం తెప్పించేది, సగం చెప్పి ఆపేది మిగులుతాయి. ఎవరూ కూర్చుని ‘జనానికి కోపం తెప్పిద్దాం’ అని తీర్మానించకపోయినా సరే. ఈ పరీక్షలు చేసేవాళ్లూ బోల్తాపడుతుంటారు. 20 రకాల హెడ్‌లైన్లు ఒకేసారి పరీక్షకు పెడితే, నిజంగా ఏ తేడా లేకపోయినా ఒకటి గెలిచినట్టు కనబడటం మామూలే, తేడా లేనిచోట కూడా నూటికి ఐదుసార్లు ఉన్నట్టు తోచవచ్చని ఒప్పుకునే 5 శాతం ప్రమాణం అంటే అర్థమే అది.

ఇక్కడ ఒక ఎదురు మాట చెప్పుకోవాలి. ఈ యంత్రాంగానికి ఉన్న బలం గురించి తిరిగే కథల్లో చాలావాటిని దాన్ని అమ్మేవాళ్లే పుట్టించారు. 1957లో జేమ్స్ వికరీ అనే మార్కెట్ పరిశోధకుడు సినిమా తెర మీద కంటికి ఆననంత వేగంగా సందేశాలు వేసి కోకా-కోలా అమ్మకాలు 18.1 శాతం, పాప్‌కార్న్ అమ్మకాలు 57 శాతానికి పైగా పెంచానన్నాడు. జనం హడలిపోయారు. దేశాలు నిషేధాలు తెచ్చాయి. 1962లో ఆయనే, తన దగ్గరున్న సమాచారం చెప్పుకోదగ్గది కాదని ఒప్పుకున్నాడు. ఆ కథ ఇంకా బతికే ఉంది. ఆన్‌లైన్ సంత నడిపే ఈబే సంస్థ 2012లో తన సొంత పేరుతో వెతికేవాళ్లకు చూపే సెర్చి ప్రకటనలు ఆపి చూసింది. అలా పోవాల్సిన క్లిక్కుల్లో 99.5 శాతం కిందనున్న మామూలు లింకు నుంచి వచ్చేశాయి, ఎలాగూ వచ్చేవాళ్లకు దారి చూపినందుకు అన్నాళ్లూ డబ్బు కట్టారన్నమాట. 8 కోట్ల 70 లక్షల మంది ఫేస్‌బుక్ సమాచారం వాడుకుందన్న ఎన్నికల ప్రచార సలహా సంస్థ కేంబ్రిడ్జ్ ఎనలిటికా మనసులను చదివేస్తామని చెప్పుకుంది. విచారణ ముగించిన బ్రిటన్ సమాచార కమిషనర్ 2020లో రాసిందేమంటే, ఆ పద్ధతులు చాలావరకు అందరికీ దొరికే మామూలు సాధనాలే అని. సమాచారం దొంగిలించడం నేరమే. మంత్రదండం ఉందన్నది మాత్రం అమ్మకం కబురు.

పట్టుకునే పద్ధతి

వృత్తిగా సమాచారం సరిచూసేవాళ్లు ఏం చేస్తారో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పక్కన కూర్చుని చూశారు. 10 మంది చరిత్ర పండితులు, 10 మంది ఫ్యాక్ట్‌చెకర్లు, 25 మంది విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లిచ్చి ఏది నమ్మదగ్గదో చెప్పమన్నారు. పండితులు, విద్యార్థులు చాలామంది పేజీని శ్రద్ధగా పైనుంచి కిందికి చదివారు, లోగో బాగుందా, ‘మా గురించి’లో ఏముంది అని చూశారు. అంటే సంస్థ చూపించదల్చుకున్నదే చూశారు. ఫ్యాక్ట్‌చెకర్లు ఆ పేజీలో ఎక్కువసేపు నిలవలేదు. వెంటనే కొత్త ట్యాబులు తెరిచి ఆ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారు, డబ్బెవరిది అని వెతికారు. వాళ్లే త్వరగానూ తేల్చారు, సరిగ్గానూ తేల్చారు. అచ్చమైన పాఠకుడి గుణమనుకునే శ్రద్ధే ఇక్కడ కాళ్లకు అడ్డంపడింది.

చట్టం చేసే దిద్దుబాటుకు ఎంత బలముంటుందో లిస్టరిన్ కేసు చెబుతుంది. ఆ పుక్కిలింత మందు జలుబును, గొంతునొప్పిని నివారిస్తుందని 1920ల నుంచి ప్రకటనలు వచ్చాయి. అది నిజం కాదని తేల్చిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో గట్టి శిక్ష వేసింది: సుమారు కోటి డాలర్ల ప్రకటనల్లో దిద్దుబాటు వాక్యం చెప్పాలి. ఆ వాక్యానికి ముందు ‘మా పాత ప్రకటనలకు భిన్నంగా’ అన్న మాట కూడా ఉండాలంది. 1977లో అప్పీలు కోర్టు వాక్యాన్ని ఉంచి, ముందున్న మాటను కొట్టేసింది. 1978లో టీవీలోకి వచ్చిన ప్రకటనలో కంపెనీ ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. లిస్టరిన్ జలుబును, గొంతునొప్పిని నివారించడంలోగాని వాటి తీవ్రత తగ్గించడంలోగాని సాయపడకపోయినా, ఉల్లిపాయ వాసనను మాత్రం పోటీ సరుకుకంటే బాగా పోగొడుతుందని పరీక్షల్లో రుజువైంది అని అందులో చెప్పారు. కోర్టు చెప్పించిన నిజం వాక్యం మొదటి సగంలో ఉంది, ‘అయినా’కు ఇవతల.